మూకీలు నిజముగా మూగవేనా?

మూకీ చిత్రమనగానే నేటివారికి నవ్వు వచ్చును. మనుష్యులు మరబొమ్మలవలె గబగబ నడచుట, చేతులు విసరుట, తెరపై చినుకులు పడునట్లు గీతలు కదలుట, ఇదియే వారెరిగిన మూకీ. తొలినాటివారికి చిత్రము తీయుట చేతగాలేదనియు, మాట వచ్చిన తరువాతనే సినిమా కళయైనదనియు తలచువారు చదువుకొన్నవారిలోనే పెక్కురు. ఈ యభిప్రాయ మన్యాయమైనది. తప్పు చిత్రములది గాదు, చూపువారిది.

ఆ దినములలో కెమెరాను చేతితో త్రిప్పెడివారు. సెకండునకు 16 మొదలు 20 వరకు, ఒక్కొక్కప్పు డంతకు మించియు బొమ్మలు పడుచుండెను. టాకీలు వచ్చిన పిదప ధ్వని నిలకడగా వినవచ్చుటకై సెకండునకు 24 బొమ్మలని నియమ మేర్పడెను. 16 చొప్పున తీసిన గంట చిత్రమును 24 చొప్పున నడిపినచో 40 నిమిషములలో ముగియును. నటుడు నిదానముగా తలయెత్తిన చోట ఉలికిపడినట్లు కనబడును. కరుణము కాస్త హాస్యమగును. విలంబకాలమున పాడిన కీర్తనను గ్రామఫోను ప్లేటు వేగము హెచ్చించి విని, గాయకుని పరిహసించుట యెట్టిదో యిదియు నట్టిదే.

మూకీలు మూగవనుటయు పూర్తిగా నిజము గాదు. హాలులో హార్మోనియము, తబలా మ్రోగుచుండెడివి. తెరమీది వ్రాతలను చదువలేనివారికై యొకడు బిగ్గరగా చదివి కథ చెప్పెడివాడు. అయినను మన ప్రేక్షకులకు కథ ముందే తెలియును. హరిశ్చంద్రుడు కాటికాపరి యగునని యెరుగనివా డెవడు? ఎట్లు చూపుదురో చూచుటకే జనులు పోవుచుండిరి.

ఎట్లు చూపిరో తెలియుటకు ఫాల్కే 1919లో తీసిన ‘కాళియ మర్దన్’ చాలును. అందు బాలకృష్ణుడు ఆయన చిన్నకుమార్తె మందాకిని. చిత్రారంభమున ఆ పిల్ల ముఖము తెరపై కానవచ్చి, ఒకదాని వెంట నొకటిగా భావములను మార్చును. పిమ్మట ఆ పిల్లయే కృష్ణుడై నిలుచును. దేవుడుగా రాబోవునది తన యింటి పిల్లయేయని ఫాల్కే ముందే చూపివేసెను. చూపియు నమ్మించుట సామాన్యమైన నేర్పు గాదు. 1913 నాటి ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతి వేషము వేసిన సాలుంకే పురుషుడు, అతడే 1917లో ‘లంకా దహన్’ చిత్రమున రాముడును సీతయు నయ్యెను. నవ్వదలచినవారు నవ్వవచ్చును గాని, స్థానంవారి సత్యభామను మెచ్చిన యాంధ్రుల కా నవ్వు తగదు.

మన దేశమున తయారైన మూకీలు సుమారు 1300. పూర్తిగానో తునుకలుగానో నేడు మిగిలినవి 30కి లోపే. నైట్రేటు ఫిల్ము నిప్పు సోకిన భగ్గుమనును. ఉక్కకు జిగురై, తుదకు పొడియైపోవును. అందలి వెండికై కరగించినవియు గలవు. ‘రాజా హరిశ్చంద్ర’ నాలుగు రీళ్లలో మొదటిదియు కడపటిదియు మాత్రమే కలవు. అవియు 1917లో తిరిగి తీసిన చిత్రములోనివని కొందరందురు. ఆ మాత్రమైనను దక్కుట, 1964లో పూనాయందు వెలసిన జాతీయ చలనచిత్ర భాండాగారమును పెంచిన పి.కె. నాయరు పట్టుదల చేతనే.

తెలుగువారి సంగతి మరింత దైన్యము. మద్రాసులో ఫొటోగ్రాఫరుగా జీవించి, గెయిటీ హాలు కట్టించిన రఘుపతి వెంకయ్యగారు కుమారుడు ప్రకాశును విదేశములకంపి యీ విద్య నేర్పించిరి. 1921లో వారి ‘భీష్మ ప్రతిజ్ఞ’ వెలువడెను. వెంకయ్యగారి పేర పురస్కారము గలదు. ఆ చిత్రము మాత్రము చూడ దొరకదు.

హిమాంశురాయ్ నిర్మింపగా జర్మను దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ తీసిన ‘షిరాజ్’ (1928), ‘ప్రపంచ పాశ్’ (1929) మాత్రము బ్రదికినవి. భాగస్వాములు విదేశీయులగుటచే ప్రతులు ఐరోపాకు చేరినవి. రెండవది భారతములోని ద్యూతకథ ఛాయతో అల్లినది. దానికి నితిన్ సాహ్నీ సంగీతము కూర్చగా 2007లోను, ‘షిరాజ్’నకు అనౌష్కా శంకర్ కూర్చగా 2017లోను లండనులో ప్రదర్శించిరి. మన జూదము మనము చూచుటకు లండనువారి బీరువా తెరువవలసి వచ్చెను! వారిని నిందించి లాభము లేదు. వారు దాచిరి, మనము దాచలేదు.

ఇప్పటికైనను చేయదగిన పని గలదు. ప్రతి పట్టణమునను సంగీతసభలున్నవి. ఒక హార్మోనియము, ఒక మృదంగము పెట్టి, సరియైన వేగమున ‘కాళియ మర్దన్’ ఆడించినచో ఎంతోసేపు పట్టదు. పాత సినిమా హాళ్లు నడపిన కుటుంబములవారు తమ అటకలు వెదకవలెను. త్రుప్పుపట్టిన ఫిల్ము డబ్బా కనబడినచో దీపము దగ్గరకు కొనిపోక, పాతసామానులవానికి వేయక, పూనా భాండాగారమునకు తెలుపవలెను. ఫిల్ము లేకున్నను, ‘భీష్మ ప్రతిజ్ఞ’ కరపత్ర మొక్కటి బయటపడిన నదియు చిన్న లాభము గాదు.