రంగులరాట్నం ఎక్కుతాడు... ముద్ద ముట్టడు!

సెలవులు వచ్చాయంటే పిల్లల చూపు రావిర్యాల వైపే. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2016లో ప్రారంభమైన వండర్‌లాలోకి బయటి తిండి రానివ్వరు. పప్పన్నం, పెరుగన్నం తప్ప మరొకటి ముట్టని బిడ్డ ఉన్న తల్లికి ఇక్కడే చిక్కు. బిర్యానీ కారమంటాడు. నూడుల్స్‌లో క్యారెట్ ముక్క కనిపిస్తే పళ్లెం తోసేస్తాడు. మూడింటికల్లా ఆకలికి ఏడుపు, పెద్దల మధ్య కస్సుబుస్సులు. టిక్కెట్టు డబ్బులు నీళ్లపాలు.

ఇదంతా మొండితనమే అనుకుంటే పొరపాటు. రెండు నుంచి ఆరేళ్ల వయసులో కొత్త తిండి అంటే బెదురు ఎక్కువ. ఒక పదార్థం అలవాటు కావాలంటే పది, పదిహేను సార్లు రుచి చూపించాల్సి రావచ్చని ఆహార నిపుణులు చెబుతారు. ఆ పాఠం విహారం రోజునే మొదలుపెట్టడమెందుకు?

పొద్దున ఇంట్లోనే కడుపునిండా తినిపించి బయలుదేరాలి. లోపల రద్దీ పెరగకముందే, పన్నెండింటికే భోజనానికి కూర్చోవాలి. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ లాంటి తెలిసిన పదార్థం ఏది దొరికితే అది అడగాలి. కూర వేరే గిన్నెలో పెట్టించుకోవాలి. కూల్‌డ్రింకు, ఐస్‌క్రీం ముందే ఇప్పించారా, ఇక అన్నం మాట ఎత్తనక్కర్లేదు! తిన్న వెంటనే గిర్రున తిప్పే ఆటలెక్కిస్తే తిన్నది కాస్తా బయటికొస్తుంది. అరగంట నీడన కూర్చోబెట్టాలి. రాత్రికి ఇంట్లో చారన్నం ఎలాగూ ఉంది.