ఐసుకు ఉప్పు తోడైతే...

పోయిన ఎండాకాలం ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకుని మా దవాఖానాకు వచ్చింది. కూర్చోకముందే, "హకీం సాబ్, దీనికి బర్స్ మొదలైంది. సంబంధం ఖాయమైంది, వాళ్లకు ఏమని చెప్పాలి?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. బర్స్ అంటే బొల్లి. అమ్మాయి చేతి వెనుక రూపాయి బిళ్లంత తెల్లమచ్చ ఉంది. మచ్చ ఒక్కటే, అంచు గీసినట్టు ఉంది, నడుమ చర్మం కాస్త ముడతపడింది. "ఇక్కడ ఏం పెట్టావమ్మా?" అని అడిగితే సంగతి బయటపడింది. అక్కడ ఒక పులిపిరి ఉండేదట. ఫోనులో ఎవరో చెప్పారని ఉప్పు చల్లి, దానిమీద ఐసుగడ్డ అదిమి, పావుగంట పట్టుకుందట. మొదట మంట, తర్వాత తిమ్మిరి, మర్నాటికి బొబ్బ. బొబ్బ మానాక మిగిలింది ఈ తెలుపు. పులిపిరి మాత్రం పక్కనే మళ్లీ మొలిచింది.

పాఠకులు ఒక విషయం గమనించాలి. చలువ చేసి నొప్పి తగ్గించడం వేరు, గడ్డకట్టించి మాంసాన్ని చంపడం వేరు. మొదటిది చాలా పాతది. 1037లో మరణించిన ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో నొప్పిని మొద్దుబార్చే వాటిలో మంచునూ చేర్చారు. అక్బరు కాలంలో సురేకారంతో నీటిని చల్లబరిచే పద్ధతిని అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో రాశారు. అది తాగేనీటి కోసమే అనుకోండి. 1807లో ఐలావ్ యుద్ధంలో నెపోలియన్ సైన్యపు శస్త్రవైద్యుడు లారే, గడ్డకట్టే చలిలో కాళ్లూ చేతులూ తీసేసినప్పుడు సైనికులకు బాధ తక్కువగా ఉండటం గమనించారు.

రెండో దారి తొక్కినవారు ఇంగ్లండు వైద్యుడు జేమ్స్ ఆర్నాట్. 1850 ప్రాంతంలో ఆయన దంచిన ఐసులో ఉప్పు కలిపి, రొమ్ము క్యాన్సరు వంటి గడ్డల మీద పెట్టి, నొప్పీ రక్తస్రావమూ తగ్గించారు. ఉత్త ఐసు సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఉప్పు కలిస్తే సున్నాకు దిగువన 21 డిగ్రీల దాకా దిగగలదు. అంటే ఆ అమ్మాయి వంటింట్లో తయారు చేసింది క్యాన్సరు గడ్డల మీద ఆర్నాట్ వాడిన మందునే!

ఆ తర్వాత మరింత చల్లని పదార్థాలు దొరికాయి. 1899లో న్యూయార్కులో క్యాంప్‌బెల్ వైట్ ద్రవ రూపంలోని గాలిని, 1907లో షికాగోలో పూసీ కార్బన్ డయాక్సైడు మంచును చర్మవ్యాధులకు వాడారు. 1950 నుంచి ద్రవ నైట్రోజన్ వచ్చింది. దాని చలి సున్నాకు దిగువన 196 డిగ్రీలు. ఇవాళ చర్మవైద్యులు పులిపిర్లకు పెట్టేది అదే, అదీ కొద్ది సెకన్లు మాత్రమే. మళ్లీ రెండు మూడు వారాలు ఆగి పెడతారు.

చలికి కణాల్లోని నీరు గడ్డకట్టి పొరలు చిట్లుతాయి, సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. మన చర్మానికి రంగునిచ్చే కణాలు అన్నిటికంటే నాజూకైనవి. సున్నాకు దిగువన 4 నుంచి 7 డిగ్రీలకే చచ్చిపోతాయి. మిగతా చర్మకణాలు చావాలంటే 20 డిగ్రీలకు పైగా దిగాలి. అందుకే ఉప్పూ ఐసుతో మొదట పోయేది రంగు, పులిపిరి కాదు. చామనచాయవారికి ఆ తెలుపు నెలల తరబడి కనిపిస్తుంది. ఒక్కోసారి పూర్తిగా పోదు కూడా.

మన పెద్దలు పులిపిరికి సున్నమో నల్లజీడి రసమో పెట్టేవారు. అదీ కాల్చడమే, నేను సమర్థించను. గల్ఫు నుంచి బంధువులు తెచ్చే పులిపిర్ల స్ప్రేలలో ఉండేది ద్రవ నైట్రోజన్ కాదు, వేరే వాయువులు. వాటిని ముఖానికి, మర్మావయవాలకు అసలు వాడకండి. పిల్లల పులిపిర్లు చాలావరకు రెండేళ్లలో వాటంతట అవే రాలిపోతాయి, తొందరపడకండి. పుట్టుమచ్చ పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా దాన్ని గడ్డకట్టించకూడదు. అది క్యాన్సరు అయితే పరీక్షకు ముక్క మిగలదు. అరికాలిలో, గోటి కింద కొత్తగా నల్లమచ్చ వస్తే వెంటనే చూపించండి. షుగరుతో పాదం స్పర్శ తగ్గినవారు ఆనెకాయ మీద ఐసు గానీ స్ప్రే గానీ పెడితే పుండు పడేదాకా తెలియదు.

ముఖం ఉబ్బినప్పుడు ఐసు రాసుకోవాలనుకుంటే పలుచని గుడ్డలో చుట్టి, ఒకచోట ఆపకుండా, ఒకటి రెండు నిమిషాలు చాలు. వంటింట్లో చెయ్యి కాలితే ఐసు వద్దు, కుళాయి కింద ఇరవై నిమిషాలు పట్టండి.

ఆ అమ్మాయిని చర్మవైద్యుడి దగ్గరికి పంపాను. ఆయనా బొల్లి కాదనే చెప్పారు. ఆరు నెలలకు అంచుల నుంచి గోధుమరంగు చుక్కలు మొదలయ్యాయి. పెళ్లివారికి ఉన్నమాట చెప్పమన్నాను, తల్లి చెప్పింది. వాళ్లు ఆ డాక్టరు చీటీ చూసి ఊరుకున్నారు.