కుక్కకు మన తిండి మంచిదేనా?

మీరు వేపుడు తింటుంటే పెంపుడు కుక్క తోక ఊపుతూ ఎదురుగా కూర్చుంటుంది. జాలిపడి ఒక ముక్క పడేస్తాం. ఇది దానికి మేలా, కీడా? పరిశీలిద్దాం.

మొదట బరువు చూడండి. 60 కిలోల మనిషి తినే ముక్కనే 10 కిలోల కుక్క తింటే, శరీర బరువు లెక్కన అది ఆరు రెట్లు ఎక్కువ.

రెండవది కొవ్వు. జీర్ణరసాలను తయారుచేసే గ్రంథి క్లోమం. కొవ్వు మితిమీరితే కొన్ని కుక్కలలో ఆ రసాలు పేగును చేరకముందే పనిచేయడం మొదలుపెట్టి, క్లోమాన్నే దెబ్బతీస్తాయి. దీనిని పాంక్రియాటైటిస్ అంటారు. వాంతులు, కడుపునొప్పి, తిండి మానేయడం దీని లక్షణాలు. ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు.

మూడవది ఉప్పు. కొద్దిపాటి ఉప్పును మూత్రపిండాలు బయటికి పంపగలవు, తాగడానికి నీళ్లుంటే. ఒకేసారి ఎక్కువైతే మెదడు కణాలు నీటిని కోల్పోతాయి; వణుకు, మూర్ఛ రావచ్చు.

వేపుడులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. ఆ ప్రభావం కొన్ని రోజులకు గాని బయటపడదు.

మరి ఏం పెట్టాలి? ఉప్పు, నూనె, ఉల్లి లేకుండా ఉడికించిన అన్నం, ఎముకలు తీసిన కోడిమాంసం కొద్దిగా పెట్టవచ్చు. పక్కన గిన్నెడు మంచినీళ్లు ఉంచండి. వాంతులు ఆగకపోతే వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. కుక్క అడిగిందల్లా పెట్టడం ప్రేమ కాదు. దాని ఒంటికి సరిపడేది పెట్టడమే ప్రేమ.