తీరికవేళల రచయిత

బ్రతుకుతెరువునకు ఉద్యోగము చేయుచు, మిగిలిన గడియలలో కలము పట్టు రచయితను రెండు భయములు వెన్నాడుచుండును. వ్రాయుట మానినచో పాఠకులు మరతురు. వారము వారము వ్రాసినచో చెప్పినదే మరల చెప్పవలసివచ్చును.

విశాఖపట్నమున లెక్కల ఉపాధ్యాయులుగా పనిచేసిన కాళీపట్నం రామారావుగారు (1924–2021) మితముగనే వ్రాసిరి. అయినను వారి ‘యజ్ఞం’ కథపై చర్చ నేటికిని ఆగలేదు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వారిని వరించెను. వ్రాయుట తగ్గినను కథపై ప్రీతి తగ్గలేదు. తెలుగు కథలన్నిటిని ఒకచోట చేర్చుటకై 1997లో శ్రీకాకుళమున కథానిలయమును నెలకొల్పిరి.

నిత్యము వ్రాయుట సాధన. నిత్యము ప్రకటించుట తొందర. పాఠము సిద్ధము కానిదే తరగతిలో అడుగిడని ఉపాధ్యాయుడు, పండని కథను పత్రికకేల పంపవలెను?