వీరగల్లు లేని వీరులు

తెలుగుదేశంలోని పాత ఊళ్ల పొలిమేరలలో, చెరువుగట్లమీద, శిథిలాలయాల ముంగిళ్లలో వీరగల్లులు కనిపిస్తాయి. కత్తి దూసిన యోధుడు, అతనిని స్వర్గానికి తోడ్కొనిపోయే అప్సరసలు, పైన సూర్యచంద్రులు. చాలవాటిమీద అంతకుమించి ఒక్క అక్షరమైనా ఉండదు. పసులమందను కాపాడుతూ పడినవాడో, ఏలిక కోసం ప్రాణమిచ్చినవాడో తెలియకపోయినా ఊరివారు ఆ రాతికి పసుపుకుంకుమలు పెడుతూనే ఉన్నారు. పల్నాటిసీమలో, కారెంపూడి వీరుల గుడివద్ద, కార్తీక అమావాస్య మొదలు ఐదు దినాలు వీరారాధన నేటికీ సాగుతున్నది. పన్నెండవ శతాబ్దిలో నేలకొరిగినవారిని ఇంతకాలం మరువక నిలుపుకొన్న జాతి మనది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అసువులు బాసిన కర్నల్ సంతోష్‌బాబుకు సూర్యాపేటలో విగ్రహం నిలిపినప్పుడు మనం చేసినది కొత్త పని కాదు. పాత వీరగల్లు ఆచారాన్నే కొనసాగించాము.

అయితే ఈ ఆచారంలో ఒక లోటు ఉన్నది. వీరగల్లులన్నీ చనిపోయినవారివి. సైన్యంలో పనిచేసి, బ్రదికి, ఇంటికి తిరిగివచ్చి, మరల నాగలి పట్టినవానికి రాయి లేదు. భాషలో కూడ అతనికి సరియైన మాట దొరకలేదు. మాజీ సైనికుడు అంటున్నాము. 'మాజీ' అరబ్బీనుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చిన మాట. గడచిపోయినదని దాని అర్థం. మనిషి ఎదుట నిలిచి ఉండగానే అతనిని భూతకాలంలోకి నెట్టివేసే మాట అది. ఈ విషయంలో పల్లెవారే నయం. 'మిలిటరీ తాత' అంటారు, 'మిలిటరీ బాబాయి' అంటారు. చేసిన కొలువును, ఊరి వరుసను రెండింటినీ కలిపి పిలుస్తారు.

ప్రభుత్వం ఇతనికీ ఒక దినాన్ని కేటాయించింది. స్వతంత్ర భారత సైన్యానికి తొలి భారతీయ సేనాధిపతియైన కరియప్ప పదవీవిరమణ చేసిన 1953 జనవరి 14వ తేదీని స్మరించి, ఏటా ఆనాడు మాజీ సైనికుల దినం జరపడం 2016లో ఆరంభమైంది. ఢిల్లీలో ఉండి చూచేవారికి అది మంచి తేదీయే. మనకు మాత్రం అది భోగి పండుగో, సంక్రాంతియో. బడులకు తాళాలు పడి ఉంటాయి. పిల్లలు గొబ్బెమ్మల దగ్గర, గాలిపటాల వెంట ఉంటారు. వారికి ఆ దినమొకటి ఉన్నదన్న సంగతి కూడ చేరదు.

బడిలో వారికి తెలిసినది డిసెంబరు 7. 1949నుండి అది సాయుధ దళాల పతాక దినం. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండాను పిల్లలకు పంచి చందా వసూలు చేస్తారు. గాయపడిన సైనికుల పునరావాసానికి, సైనిక కుటుంబాలకు, మాజీ సైనికుల సంక్షేమానికి ఆ నిధి ఉపయోగపడుతుంది. పని మంచిదే. కాని నాలుగవ తరగతి పిల్లవాడికి దానివలన తెలిసేదేమిటి? ఒక నాణెం డబ్బాలో వేస్తే ఒక కాగితపు జెండా చొక్కాకు గుచ్చుతారని మాత్రమే. ఆ నాణెం ఎవరి కోసమో, ఆ మనిషి తన వీధిలోనే ఉన్నాడో లేడో అతనికి తెలియదు.

ఒకప్పుడు పల్లెబడికి, సైనికునికి ఇంత దూరం లేదు. అనేక గ్రామాలలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడే బ్రాంచి పోస్టుమాస్టరు. సైన్యంలో ఉన్న కొడుకు పంపిన మనియార్డరు బడి అరుగుమీదనే చేతికి అందేది. చదువురాని తల్లికి ఉత్తరం చదివి వినిపించినదీ, జవాబు వ్రాసిపెట్టినదీ ఆ పంతులుగారే. చిరునామాలో ఊరుండదు, జిల్లా ఉండదు. పేరు, నంబరు, దళం, కేరాఫ్ 56 ఏ.పి.ఓ. అని మాత్రం ఉంటుంది. "ఈ ఊరెక్కడున్నది, పంతులుగారూ?" అని అడిగే తల్లికి ఆయన గోడమీది పటంలో ఎక్కడ చూపగలడు? చూపలేకపోయినా, ఆ ప్రశ్న బడిలో వినిపించేది. అరుగుక్రింద ఎక్కాలు వల్లించే పిల్లలు దానిని వినేవారు.

మాజీ సైనికుడనగానే మన కన్నులముందు నెరసిన మీసం, పతకాల వరుస మెదులుతాయి. నిజానికి సిపాయిగా చేరినవారిలో పలువురు పదిహేను, పదిహేడేండ్ల కొలువు ముగించి, నలుబది నిండకమునుపే ఊరు చేరుతారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతిలో నాలుగేండ్లకే నూటికి డెబ్బదియైదుగురు తిరిగిరావలసి ఉంటుంది. అంటే ఇతడు చాల తావులలో తాత కాడు. ఆ బడిలోని పిల్లవాని తండ్రి. కుటుంబం గడవడానికి ఏ బ్యాంకు గుమ్మంలోనో కాపలా ఉంటాడు. "మీ నాన్న ఏమి చేస్తారు?" అని కొత్త టీచరుగారు అడిగితే పిల్లవాడు "వాచ్‌మన్" అని తల వంచుకుంటాడు. మంచులో, ఎడారిలో తండ్రి గడిపిన పదిహేడేండ్లు ఆ ఒక్క మాటక్రింద కప్పబడిపోతాయి. వానిని వెలికి తీసి పిల్లవానికి ఇవ్వగల చోటు బడి ఒక్కటే. సన్మానం ముఖ్యంగా అవసరమైనది తండ్రికి కాదు, ఆ బిడ్డకు.

ఇందుకు శాలువలు, ఉపన్యాసాలు అక్కరలేదు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒక చాపమీద కూర్చుండబెట్టి అన్నం పెట్టినట్లు చెబుతారు. ఆ చాపకూడు కారెంపూడి ఉత్సవంలో నేటికీ భాగమే. సైన్యంలో జవానుల వంటశాలను లంగరు అంటారు. మన బడిలో మధ్యాహ్న భోజనమున్నది. చాపకూడు, లంగరు, బడి భోజనం మూడింటి ధర్మమూ ఒక్కటే. పతాక దినాన మిలిటరీ బాబాయిని పిలిచి, ఎత్తైన కుర్చీమీద కాక, పిల్లల వరుసలోనే కూర్చుండబెట్టి అన్నం వడ్డించండి. ఆపైన పిల్లలను అడగనివ్వండి.

పిల్లలు మొట్టమొదట "మీరెంతమందిని చంపారు?" అని అడుగుతారు. అది వారి తప్పు కాదు. సినిమాలు నేర్పిన ప్రశ్న. నిజంగా యుద్ధం చూచినవానికి అంతకంటె బరువైన ప్రశ్న లేదు. కనుక ఉపాధ్యాయుడు ముందుగానే వారిచేత వేరే ప్రశ్నలు వ్రాయించాలి. నీళ్లు గడ్డకట్టేచోట స్నానమెట్లా? హిందీ ఎవరు నేర్పారు? పండుగనాడు ఇల్లు గుర్తుకు వస్తే ఏమి చేసేవారు? మీతో ఉన్నవారెవరైనా తిరిగిరాలేదా? సైన్యమంటే తుపాకి ఒక్కటే కాదనీ, వంతెనలు కట్టే సాపర్లు, లారీలు నడిపేవారు, వంటవారు, గాయాలు కట్టేవారు కూడ సైనికులేననీ ఆ జవాబులలో తెలుస్తుంది. పటంలో చుక్కగా ఉన్న సియాచిన్ తమ ఊరి మనిషి కాలు మోపిన నేల అవుతుంది. ఆయన మాట్లాడలేక ఊరకున్న చోట యుద్ధం ఖరీదు కూడ వారికి కొంత అర్థమవుతుంది. ఆయన ఇల్లాలిని కూడ పిలవడం మరువరాదు. ఎదురుచూచిన ఏండ్ల కథ ఆమెది.

పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని లోకం మిలిటరీ మాధవరమని పిలుస్తుంది. రెండు ప్రపంచయుద్ధాలలోనూ ఆ ఊరివారు పనిచేశారు. సైనికుల స్మారకం కూడ అక్కడ ఉన్నది. అటువంటి ఊరిలో పిల్లవానికి సైనికుడెవరో వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఒకరో ఇద్దరో మాత్రమే సైన్యానికి వెళ్లివచ్చిన ఊళ్లు మనకు వందలకొలది ఉన్నవి. అక్కడ ఆ ఒక్కని కథ ఆ ఒక్కనితోనే పోతుంది. పిల్లలచేత ఆ సంభాషణను వ్రాయించి, పేరు, చేరిన ఏడు, పనిచేసిన చోట్లు, తిరిగివచ్చిన ఏడు గుర్తించి, ఒక నోటుపుస్తకంలో బడి బీరువాలో ఉంచితే చాలు. వచ్చే ఏడు పిల్లలు దానిని చదివి, మరి రెండు పుటలు చేరుస్తారు. పూర్వులు రాతిమీద చేయకుండా వదలిన పని ఆ పుస్తకం చేస్తుంది.