మెచ్చిన నగరానికి మళ్లీనా, మన్యం దారికా?

రెండు మూడు రోజుల సెలవు దొరికినప్పుడు, ఒకసారి చూసి మెచ్చిన నగరానికే మళ్లీ వెళ్లడమా, లేక ఆ నగరాన్ని మజిలీగా చేసుకుని చేరువలోని పల్లెసీమకు మళ్లడమా అన్నది ప్రయాణికులకు తరచూ ఎదురయ్యే సందేహం. తెలుగునాట దీనికి విశాఖపట్నం, అరకులోయలను మించిన ఉదాహరణ అరుదు. రోడ్డు మీద ఈ రెండింటి మధ్య దూరం సుమారు 115 కిలోమీటర్లే అయినా, తీరం నుంచి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు ఘాట్ దారిలో, అంటే కొండవాలును చుడుతూ మలుపులు తిరిగే దారిలో, ఎక్కవలసి ఉండడం వల్ల ఆ దూరాన్ని కిలోమీటర్లలో కాక గంటల్లో లెక్కించుకోవాలి.

చూసిన ఊరినే మళ్లీ చూడడంలో ఏముంటుందన్న వాదానికి అర్థశాస్త్రంలో క్షీణోపాంత ప్రయోజన సూత్రం ఊతమిస్తుంది. ఒకే వస్తువును వెంటవెంటనే అనుభవిస్తూ పోతే ప్రతి తదుపరి మోతాదు ఇచ్చే తృప్తి అంతకంతకు తగ్గుతుందన్నది దాని సారాంశం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ చాలించి, మరుసటి ఏడాది నుంచి రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలిచిన కురుసుర జలాంతర్గామి రెండోసారి చూసేవారికి మొదటిసారి కలిగించినంత ఆశ్చర్యం కలిగించకపోవచ్చు. అయితే ఈ సూత్రం వర్తించాలంటే వస్తువు మారకుండా ఉండాలి. నగరం అలా ఉండదు. సింహాచలంలో ఏడాది పొడవునా చందనపు పూత మాటున ఉండే వరాహ నరసింహస్వామి అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపంలో దర్శనమిస్తాడు. ఆషాఢ పౌర్ణమికి అదే కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ సాగుతుంది. భీమిలి దారిలోని తొట్లకొండ మీద, రాతిలో తొలిచిన నీటి తొట్లను బట్టి ఆ పేరు పొందిన ప్రాచీన బౌద్ధారామాన్ని నింపాదిగా చూసే తీరిక కూడా సాధారణంగా రెండోసారి వచ్చినవారికే చిక్కుతుంది.

మన్యం వైపు మళ్లినవారికి ప్రయాణమే సగం ఫలం. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో నిర్మించిన కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం పదుల కొద్దీ సొరంగాలను దాటుతూ సాగుతుంది. పెట్టెలో చీకటి కమ్మడం, మరుక్షణం కిటికీ పక్కనే లోయ తెరుచుకోవడం దారి పొడవునా జరుగుతూనే ఉంటుంది. దారిలోని బొర్రా గుహలు సున్నపురాతి కొండలో ఏర్పడ్డాయి. నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని ఇంకిన వాననీరు ఆ రాతిని కరిగిస్తూ పోతుంది; గుహ కప్పు నుంచి జారే ప్రతి చుక్కా తన వెంట తెచ్చిన సున్నాన్ని కొద్దికొద్దిగా అక్కడే వదలడం వల్ల వేలాడే రాతి ఊడలు రూపు కడతాయి. వాటినే స్టాలక్టైట్లు అంటారు. ఆపైన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే ఎగబాకిన మిరియపు తీగలు కనిపిస్తాయి. ఇక్కడి గిరిజన రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ఉత్పత్తి విశిష్టతను అది పుట్టిన నేలతో ముడిపెట్టే చట్టబద్ధమైన గుర్తింపు, లభించింది.

ఈ రెండింటినీ తూచడానికి పనికివచ్చే మరో భావన అవకాశ వ్యయం, అంటే ఒకదాన్ని ఎంచుకున్నందువల్ల వదులుకోవలసి వచ్చిన మరొకదాని విలువ. పొద్దున్నే రైలెక్కినా అరకు చేరేసరికి సుమారు నాలుగు గంటలు పడుతుంది కాబట్టి, రాత్రికి విశాఖ తిరిగి రావాలనుకునేవారు మిగిలిన కొద్ది గంటలను గుహలకూ లోయకూ పంచుకుని, సముద్రపు గాలిలో గడపవలసిన సాయంకాలాన్ని దారిలోనే ఖర్చు చేసుకుంటారు. పైగా శీతాకాలంలో లోయను కప్పే తెల్లవారుజాము మంచూ, ఆ మంచు విడుతుండగా పచ్చగా బయటపడే వలిసె పూల చేలూ అక్కడ రాత్రి బస చేసినవారికే కనబడతాయి. నూనె గింజల కోసం వేసే ఆ వలిసె పైరు సాధారణంగా నవంబరు ప్రాంతంలో పూతకొస్తుంది. వేసవిలో వెళ్లినవారికి అదే చేను ఖాళీ నేల.

అందువల్ల ఎక్కడికన్న ప్రశ్న కంటే ముందు ఎప్పుడు, ఎన్ని రాత్రులు అన్న ప్రశ్నలు తేలాలి. కొండ మీద ఒక రాత్రయినా గడపగలిగితే, ఋతువు అనుకూలిస్తే అరకు దారి పట్టడం మేలు. చేతిలో ఒక్క పగలే ఉన్నా, గుహల మెట్లనూ ఘాట్ మలుపులనూ తట్టుకోలేని పెద్దలు వెంట ఉన్నా, వానలకు కొండచరియలు జారే రోజులైనా నగరంలోనే ఉండి, కిందటిసారి చూడని మూలను చూడడం తెలివైన పని. అలా ఆగిపోయినవారికి మన్యం పూర్తిగా దూరమైపోదు. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల గుండా పారే గోస్తనీ నది, విశాఖకు తాగునీరిచ్చే తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమిలి వద్ద సముద్రంలో కలుస్తుంది. బీచ్ రోడ్డు వెంట భీమిలి దాకా వెళ్లినవారు ఆ కొండనీటి చివరి మజిలీని చూసినట్టే.