వేడిని పంచే వాల్వ్

ఉత్తర యూరప్‌లో రెండు మూడంతస్తుల ఇళ్లకు చలికాలం వస్తే ఒకటే తగువు: మేడ మీద ఉక్క, కింద వణుకు. బాయిలర్ ఒక్కటే, గొట్టాల్లో తిరిగే వేడినీరూ ఒక్కటే. మరి ఈ తేడా ఎందుకు? వేడెక్కిన గాలి తేలికై మెట్లదారిన పైకి చేరుతుంది. పై సందుల్లోంచి అది బయటికి పోతుంటే, కింది తలుపు సందుల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. పైగా నీరు అడ్డు తక్కువున్న దారే పడుతుంది. గదుల్ని వేడిచేసే రేడియేటర్లలో బాయిలర్ దగ్గరివాటికి పుష్కలం, చివరివాటికి అరకొర.

ఇల్లంతటికీ వేడిని నియంత్రించే థర్మోస్టాట్ ఒకటే ఉంటే అది తానున్న గదినే చూస్తుంది. కింది హాలు చల్లగా ఉన్నంతసేపూ బాయిలర్‌ను మండిస్తుంది. పైవాళ్లేమో కిటికీలు తెరుస్తారు.

ఏ గది సంగతి ఆ గదే చెప్పాలన్న ఆలోచన అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక బడిలో పుట్టింది. తరగతుల్లో వేడి ఎంతుందో చూడటానికి పనివాడు పాఠం మధ్యలో వచ్చిపోతుండేవాడు. విసిగిన ప్రొఫెసర్ వారెన్ జాన్సన్ ఒక విద్యుత్ పరికరం చేసి 1883లో పేటెంటు పొందాడు. గదిలో వేడి మారితే అది బాయిలర్ దగ్గర గంట మోగించేది. సరిచేయాల్సింది మాత్రం మనిషే.

మనిషి అవసరం లేకుండా రేడియేటర్ దగ్గరే వేడిని సరిచేసే వాల్వ్‌ను తెచ్చినవాడు డెన్మార్క్ ఇంజనీరు మాడ్స్ క్లౌసెన్. 1933లో తల్లిదండ్రుల ఇంట్లో అతను మొదలుపెట్టిన సంస్థే తర్వాత డాన్‌ఫాస్ అయింది. దాని తొలి సరుకు శీతల యంత్రాల వాల్వులు. చల్లదనం మీద సంపాదించిన ఆ పనితనాన్నే 1943లో వేడి మీదికి మళ్లించి రేడియేటర్ థర్మోస్టాట్‌ను రూపొందించాడు.

దీనికి కరెంటు అక్కర్లేదు. నాబ్ లోపల ద్రవమో, వాయువో, మైనమో నింపిన చిన్న డబ్బీ ఉంటుంది. గది వేడెక్కితే అందులోని పదార్థం వ్యాకోచించి పిన్నును నెడుతుంది, వాల్వ్ మూసుకుంటుంది. గది చల్లబడితే స్ప్రింగు మళ్లీ తెరుస్తుంది. పై గదుల వాల్వులు మూసుకున్నకొద్దీ వేడినీరు కింది గదులకు మళ్లుతుంది.

నాబ్ మీది 3 అంటే సుమారు 20 డిగ్రీలు. జర్మనీలో కొత్తగా అద్దెకు దిగిన మనవాళ్లు తొందరగా వేడెక్కాలని 5కి తిప్పుతారు. చల్లటి గదిలో వాల్వ్ 3 దగ్గరా పూర్తిగానే తెరుచుకుంటుంది. 5 వల్ల వేగం పెరగదు, గది వేడి ఆగాల్సిన చోట ఆగదు, అంతే. నాబ్‌ను పరదా కప్పేస్తే దాని వెనుక చిక్కిన వేడినే గది వేడనుకుని ముందే మూసుకుంటుంది.

ఈ వాల్వ్ నీటిని ఆపగలదే గాని రప్పించలేదు. చివరి రేడియేటర్‌కు నీరే అందకపోతే, బాయిలర్ దగ్గరి రేడియేటర్ల రెండో కొసనున్న వాల్వులను కొద్దిగా బిగించాలి. ఇంటి థర్మోస్టాట్ ఉన్న గదిలో మాత్రం నాబ్‌ను పూర్తిగా తెరిచే ఉంచాలి. లేకపోతే థర్మోస్టాట్ కోరిన వేడి రాకముందే నాబ్ నీటిని ఆపేస్తుంది. ఎప్పటికీ రాని ఆ వేడి కోసం బాయిలర్ మండుతూనే ఉంటుంది.